టెక్సాస్‌లో పాస్, కాలిఫోర్నియాలో ఫెయిల్: మోడిఫై చేసిన డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి స్మాగ్ సర్టిఫికెట్ ఎలా?

గోంగూర_టర్బో | ఫ్రీమాంట్ | 8 ఫిబ్రవరి 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి పోయేవాణ్నే, ఇవాళ గతిలేక రాస్తున్నా.

నాది 2016 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, మాన్యువల్. ఫ్రిస్కోలో ఉన్నప్పుడు 2021లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా. ఇంట్లోంచే పని కదా, ఏం తోచక ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోయా. ముందు ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం), తర్వాత క్యాట్ (పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్) లేని జే-పైపు, అంటే టర్బో నుంచి పొగ బయటికొచ్చే గొట్టం, వెనకాల సైలెన్సర్ సెట్, ఆయిల్ క్యాచ్ క్యాన్, అన్నిటి మీదా ఒక ట్యూన్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో మార్చిన సాఫ్ట్‌వేర్. టెక్సాస్‌లో ఏటా ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తే స్టీరింగ్ కింద వైరు గుచ్చేవాడు, పది నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టేవాడు. ఒక్కడూ బానెట్ ఎత్తిన పాపాన పోలేదు.

జనవరిలో ఉద్యోగం ఇక్కడికి మారింది. రిజిస్ట్రేషన్ మార్చాలంటే స్మాగ్ (ఇక్కడి పొల్యూషన్ పరీక్ష) సర్టిఫికెట్ కావాలన్నారు, సరే ఎంత పని అనుకుంటూ ఇవాళ పొద్దున వెళ్లా. స్టేషన్‌లో అతను బానెట్ ఎత్తి, టార్చ్ వేసి, ఒక నిమిషం అటూ ఇటూ చూసి "టెక్సాసా?" అన్నాడు. ఇంకా వైరు కూడా గుచ్చలేదు. నాకు అప్పుడే అర్థమైపోయింది.

కాగితంలో ఇన్‌టేక్ దగ్గర 'మాడిఫైడ్', పీసీవీ (ఇంజిన్ ఆవిర్లు తిరిగి లోపలికెళ్లే దారి) దగ్గర 'మాడిఫైడ్', కెటలిటిక్ కన్వర్టర్ దగ్గర 'మిస్సింగ్'. కింద సాఫ్ట్‌వేర్ కూడా ఫెయిల్. డెబ్భై డాలర్లు సమర్పయామి.

మా ఆవిడ అమ్మేసి క్యామ్రీ కొనమంటోంది. బండి మీద ప్రేమ చావలేదు. దారి చూపించండి.

---

రెడ్‌మండ్_వాన | వాషింగ్టన్ | 8 ఫిబ్రవరి, రాత్రి 10:05

మా రాష్ట్రంలో 2020 జనవరి నుంచి ఎమిషన్ టెస్టే ఎత్తేశారు. సియాటెల్ వచ్చెయ్ బ్రో. వాన తప్ప ఇంకే ఇబ్బందీ లేదు 😄

---

టర్బో_తాత | శాన్ హోసే | 9 ఫిబ్రవరి, ఉదయం 6:15

బానెట్ ఎత్తి ఇంజిన్ బే ఫోటో ఒకటి పెట్టు బాబూ. పగటి వెలుతురులో, నాలుగు వైపులా. ప్రతి పార్టు మీదా స్టిక్కర్ ఉందో లేదో చూడు. స్టాక్ పార్టులు (కంపెనీ నుంచి బండితో వచ్చినవి) ఉన్నాయా, అమ్ముకున్నావా? ఈ రెండూ చెప్పాకే మిగతాది.

అంతవరకూ దేన్నీ ముట్టుకోకు. ముఖ్యంగా ఆ ట్యూన్ జోలికి వెళ్లకు.

---

గోంగూర_టర్బో | 9 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:30

ఫోటోలు పెట్టాను తాతగారూ. ఇన్‌టేక్ మీద మాత్రం ఒక వెండి స్టిక్కర్ ఉంది, డీ అని మొదలయ్యే నంబరుతో. మిగతా వాటి మీద ఏమీ లేవు. స్టాక్ ఎయిర్‌బాక్స్, పాత జే-పైపు ప్లేనోలో ఫ్రెండ్ గరాజ్‌లో వదిలేసి వచ్చినట్టు గుర్తు. పైపు మీద నమ్మకం లేదు, తుక్కులో వేశానేమో.

ఒక్క మాట అడుగుతా. పొగ శుభ్రంగా వస్తే చాలు కదా? గొట్టం దగ్గర గ్యాస్ కొలిచి చూడొచ్చు కదా? హైదరాబాద్‌లో పెట్రోల్ బంకు పక్కన వ్యాన్‌లో చేసేది అదే కదా.

---

టర్బో_తాత | శాన్ హోసే | 9 ఫిబ్రవరి, రాత్రి 8:50

కొంచెం పెద్దగా రాస్తున్నా, కాఫీ పెట్టుకుని చదువు.

నీ బండి పొగని ఇక్కడ ఎవరూ కొలవరు. 2000 మోడల్, ఆ తర్వాతి పెట్రోల్ బండ్లకి 2015 నుంచి గొట్టంలో గొట్టం పెట్టే పరీక్షే లేదు. 1999, అంతకుముందు బండ్లని మాత్రం మన ఏరియాలో ఇప్పటికీ రోలర్ల మీదకెక్కించి పరిగెత్తిస్తారు. నీకు మూడు పరీక్షలు. బండి కంప్యూటర్ ఏం చెప్తోంది, కంటికి పొగ కనిపిస్తోందా, బానెట్ కింద ఏం ఉంది. టెక్సాస్‌లో నువ్వు రాసింది మొదటి పేపరొక్కటే. అక్కడా పరీక్ష పెట్టేది 17 కౌంటీల్లోనే. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లోకి వస్తుంది కాబట్టి నీకు ఆ మాత్రమైనా తగిలింది.

మూడో పేపర్లో నీ పార్టు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఉండదు. కార్బ్ (కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్) వాళ్ల ఈవో నంబరు ఉందా లేదా, అంతే. ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటారు దాన్ని. తయారీదారు తన పార్టుని పరీక్ష చేయించి, ఎమిషన్లు పెరగవని చూపించి తెచ్చుకునే అనుమతి. నంబరు ఉంటే పాస్, లేకపోతే ఫెయిల్. నీ పైపులోంచి గంధపు పొగ వచ్చినా ఫెయిలే.

ఇప్పుడు నీ ఇన్‌టేక్. స్టిక్కర్ ఉంది కదా అని సంబరపడకు. నీ ఫోటోలో నంబరుని కార్బ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూశా. ఆ ఆర్డర్ 2014 వరకు ఉన్న బండ్లకి. 2015లో నీ బండికి ఇంజినే మారిపోయింది, డైరెక్ట్ ఇంజెక్షన్ వచ్చింది. స్టిక్కర్ ఎవరో పాత డబ్బాలోది తీసి అతికించినట్టుంది. టెక్నీషియన్ నంబరు చూసి వదలడు, నీ మోడల్, నీ సంవత్సరం ఆ ఆర్డర్‌లో ఉన్నాయా అని చూస్తాడు. ఇది చాలామంది బోల్తా పడే చోటు.

క్యాచ్ క్యాన్ గురించి అందరూ "అది ఇంజిన్‌కి మంచిదే కదా" అంటారు. మంచిదే. కానీ క్రాంక్‌కేస్ ఆవిర్లు తిరిగి ఇన్‌టేక్‌లోకి వెళ్లే దారిని కోసి మధ్యలో డబ్బా పెట్టావు. ఆ దారి ఎమిషన్ సిస్టమ్‌లో భాగం. ఈవో లేని డబ్బా అయితే ఎంత మంచిదైనా పీకాల్సిందే.

జే-పైపు గురించి నేను చెప్పేదేముంది. నీ బండిలో కెటలిటిక్ కన్వర్టర్ ఉండేదే దాంట్లో. అది తీసి ఖాళీ గొట్టం పెట్టడం ఒక్క కాలిఫోర్నియాలోనే తప్పు కాదు, ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అన్ని రాష్ట్రాల్లోనూ తప్పే. టెక్సాస్‌లో ఎవడూ వంగి చూడలేదు, అంతే తేడా.

ముట్టుకోనక్కర్లేనివి: క్యాట్ తర్వాత వచ్చే సైలెన్సర్ సెట్‌కి ఈవో అక్కర్లేదు, 95 డెసిబెల్స్ దాటకుండా చూసుకో చాలు. స్ప్రింగులు, చక్రాలు, బ్రేకులు వాళ్లకి పట్టవు.

సాఫ్ట్‌వేర్ సంగతి రేపు. నిద్రొస్తోంది.

---

నైట్రో999 | 9 ఫిబ్రవరి, రాత్రి 11:20

ఇంత రామాయణం ఎందుకు? ఓక్‌లాండ్ వైపు ఒకతను ఉన్నాడు, మూడొందలిస్తే బండి చూడకుండానే పాస్ చేస్తాడు. కావాలంటే మెసేజ్ పెట్టు.

---

మాడరేటర్ | 9 ఫిబ్రవరి, రాత్రి 11:48

నైట్రో999, ఇలాంటివి ఇక్కడ రాయొద్దు. ఇంకోసారి రాస్తే ఖాతా తీసేస్తాం.

---

పాతబండి | సన్నీవేల్ | 10 ఫిబ్రవరి, ఉదయం 7:30

అన్నా, ఆ మూడొందల ముచ్చట నమ్మకు. గాల్లు ఏం జేస్తరంటే నీ బండికి బదులు ఇంకో బండికి వైరు గుచ్చి నీ పేరు రాస్తరు. మిషన్ ఊకె చూస్తదా? బండి కంప్యూటర్‌ల నుంచి వచ్చే వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు, అది ఏ భాషల మాట్లాడుతది, ఎన్ని లెక్కలు చెప్తది, అన్నీ రికార్డ్ అయితయ్. 2016 డబ్ల్యూఆర్‌ఎక్స్ చెప్పాల్సిన లెక్కలు ఒక తీరు, కరోలా చెప్పేటియి ఇంకో తీరు. ఆఫీసుల కూసొని దొర్కబడతరు. గానికి లైసెన్సు పోతది, నీ సర్టిఫికెట్ రద్దయితది. హెచ్1బీ మీదున్నోళ్లం, మనకెందుకే గీ లొల్లి.

---

గోంగూర_టర్బో | 10 ఫిబ్రవరి, ఉదయం 8:10

హెచ్1బీ మాట వినగానే నాకు మూడొందలేం, మూడు డాలర్ల ఆశ కూడా చచ్చిపోయింది.

---

టర్బో_తాత | శాన్ హోసే | 10 ఫిబ్రవరి, రాత్రి 9:05

నిన్నటి బాకీ.

2021 జులై 19 నుంచి స్మాగ్ మిషన్ నీ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్)లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఏమిటో కూడా చూస్తోంది. ప్రతి కంపెనీ ఫైలుకీ ఒక కాలిబ్రేషన్ వెరిఫికేషన్ నంబర్ ఉంటుంది, సీవీఎన్ అంటారు. ఫైలులో ఒక్క అంకె మార్చినా ఆ నంబరు వేరేగా వస్తుంది. అది కంపెనీ జాబితాలోనో, కార్బ్ అనుమతిచ్చిన ట్యూన్ల జాబితాలోనో లేకపోతే ఫెయిల్. నీ కాగితంలో ఉన్నది అదే.

కాబట్టి ట్యూన్ తీసి స్టాక్ ఫైలు ఎక్కించాలి. కానీ వరస ముఖ్యం. ముందు ఇనుము, తర్వాత సాఫ్ట్‌వేర్. స్టాక్ ఫైలుకి తెలిసింది స్టాక్ ఎయిర్‌బాక్స్ మాత్రమే. ఎంత గాలి లోపలికి వెళ్తోందో లెక్కపెట్టే సెన్సర్ ఒక ఫలానా సైజు గొట్టంలో కూర్చుందనుకుని పెట్రోల్ కొలుస్తుంది. నీ లావు ఇన్‌టేక్ ఉండగా స్టాక్ ఫైలు ఎక్కిస్తే లెక్క తప్పుతుంది. టర్బో బండి, పెట్రోల్ తక్కువ పడితే ఇంజిన్‌కే ఎసరు. పైగా క్యాట్ లేని పైపుతో స్టాక్ ఫైలు నడిస్తే క్యాట్ పని చేయట్లేదని కోడ్ తప్పకుండా వస్తుంది. నీ ట్యూనర్ ఆ కోడ్ నోరు నొక్కేశాడు కాబట్టి ఇన్నాళ్లూ వినపడలేదు.

పార్టులు వచ్చేదాకా ఆగు.

---

గోంగూర_టర్బో | 12 ఫిబ్రవరి, రాత్రి 10:15

తాతగారూ, తిట్టకండి. మీ పోస్టు చూసేసరికి ఆలస్యమైంది. ఆదివారం రాత్రే ట్యూనర్ డబ్బా తగిలించి 'అన్‌ఇన్‌స్టాల్' కొట్టేశా. రెండు రోజులు ఆఫీసుకి వెళ్లొచ్చా. ఇవాళ ఆటో మాల్ పార్క్‌వే మీద సిగ్నల్ దగ్గర ఆగగానే పసుపు దీపం వెలిగింది, మీరన్న క్యాట్ కోడే. పీ0420.

---

టర్బో_తాత | 12 ఫిబ్రవరి, రాత్రి 10:22

ఆదివారం పొద్దున ఆరింటికే చెప్పానుగా, ట్యూన్ జోలికి వెళ్లొద్దని.

బండి పక్కన పెట్టు. ఆఫీసుకి బార్ట్ రైలు ఎక్కు.

---

ఎడిసన్_అక్క | న్యూజెర్సీ | 13 ఫిబ్రవరి, ఉదయం 5:50

మా న్యూజెర్సీలో ప్రభుత్వ ఇన్‌స్పెక్షన్ లేన్‌లో ఉచితంగానే చేస్తారు, కొత్త బండికి ఐదేళ్ల దాకా అడగరు, ఆ తర్వాత రెండేళ్లకోసారి. నాది ఏ మార్పులూ లేని అకార్డ్. ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు బ్యాటరీ మార్పించా, మర్నాడు వెళ్తే "నాట్ రెడీ" అని తిప్పి పంపారు. బండిలో ఏ లోపమూ లేదు, దాని జ్ఞాపకం పోయింది అంతే. తమ్ముడూ, ఆ దీపం చూసి కంగారుపడి కోడ్ చెరిపి వెంటనే టెస్ట్‌కి పరిగెత్తకు. కోడ్ చెరిపితే బ్యాటరీ పీకినట్టే.

---

గోంగూర_టర్బో | 14 ఫిబ్రవరి, సాయంత్రం 6:00

అర్థమైంది అక్కా. ఇప్పుడు అసలు గండం పైపు. కంపెనీ పైపు కొత్తది వెయ్యి డాలర్లు దాటిపోతోంది. క్రెయిగ్స్‌లిస్ట్‌లో వాడినది ఒకటి మూడొందల యాభైకి కనిపించింది. తీసుకోనా?

---

పాతబండి | సన్నీవేల్ | 14 ఫిబ్రవరి, సాయంత్రం 6:40

వద్దే. కాలిఫోర్నియాల వాడిన క్యాట్ అమ్ముడూ తప్పే, బిగిచ్చుడూ తప్పే. పైగా మన బే ఏరియాల ఆ క్యాట్ ఏ ప్రియస్ కింద నుంచి రాత్రిపూట కోసుకొచ్చిందో ఎవనికెరుక. వేరే కంపెనీది కొత్తది కొన్నా దాని మీద గూడ ఈవో నంబరు ఉండాలె, నీ బండి పేరుతోని. వేరే రాష్ట్రాలల్ల సస్తాగ అమ్మేటియి ఇక్కడ నడ్వయ్. షాపోడు పెట్టిస్త అన్నా వినకు.

---

ప్లేనో_పంతులు | టెక్సాస్ | 14 ఫిబ్రవరి, రాత్రి 9:30

ఒరేయ్ గోంగూరా, నువ్వేనా ఇది? పేరు చూసి అనుకోలేదు, జే-పైపు అనగానే అనుమానం వచ్చింది. నా గరాజ్‌లో వాటర్ హీటర్ వెనకాల నీ పాత బెడ్‌షీట్‌లో చుట్టి ఒక వంకర ఇనుము ఉంది, ఏడాదిగా దాన్ని తన్నుకుంటూ తిరుగుతున్నా. నల్ల ప్లాస్టిక్ డబ్బా కూడా ఉంది. ఇవేనా? ఫోటో పెడుతున్నా చూడు.

---

గోంగూర_టర్బో | 14 ఫిబ్రవరి, రాత్రి 9:33

ఒరేయ్!!! అవే!!! వదిన తుక్కులో వేయించలేదా?

---

ప్లేనో_పంతులు | 14 ఫిబ్రవరి, రాత్రి 9:41

మూడుసార్లు వేయబోయింది. రేపు పంపిస్తా. షిప్పింగ్ నీదే. ఖాళీ డబ్బా పంపడం ఎందుకని మీ వదిన ఎయిర్‌బాక్స్‌లో రెండు కందిపొడి ప్యాకెట్లు పెడతానంటోంది, తీసి బిగించు.

---

టర్బో_తాత | 15 ఫిబ్రవరి, ఉదయం 6:20

ఈ బండితో పుట్టిన పైపే దొరికిందంటే నీ జాతకం బాగుంది. బిగించేముందు రెండు చివర్లా గాస్కెట్లు కొత్తవి తెప్పించుకో, పాతవి మళ్లీ పెట్టి లీకు తెచ్చుకోకు. టర్బో దగ్గరి నట్లకి ముందురోజు రాత్రి తుప్పు విడిపించే నూనె కొట్టి వదిలెయ్. వేడెక్కి చల్లారి వెల్డింగ్ చేసినట్టు అతుక్కుని ఉంటాయి. బలం ఉపయోగించావంటే స్టడ్డే విరిగి చేతికొస్తుంది. ఎయిర్‌బాక్స్‌లో ఒక్క గింజ పొడి కూడా లేకుండా తుడువు, నవ్వులాట కాదు.

ఈలోపు డీఎమ్‌వీకి (బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఫీజులు కట్టెయ్. నివాసం ఏర్పరచుకున్నాక రిజిస్ట్రేషన్‌కి 20 రోజులే టైము. స్మాగ్ రాకపోయినా డబ్బు ముందు కడితే ఆలస్యపు జరిమానా ఆగుతుంది. బయటి రాష్ట్రం బండి కాబట్టి వీఐఎన్ సరిచూడటం కూడా ఉంటుంది, అదే రోజు చేయించుకో.

---

ఆల్ఫరెటా_అల్లుడు | జార్జియా | 15 ఫిబ్రవరి, ఉదయం 9:00

చదువుతుంటే భయమేస్తోంది. మాకు అట్లాంటా చుట్టూ 13 కౌంటీల్లోనే, పాతికేళ్లు దాటిన బండికి అదీ లేదు. ఈ ఈవో గొడవంతా కాలిఫోర్నియాకే ఎందుకండీ? మిగతా దేశం బతకట్లేదా?

---

టర్బో_తాత | 15 ఫిబ్రవరి, ఉదయం 11:15

అల్లుడుగారూ, స్మాగ్‌ని ముందు తిన్నది వీళ్లే. 1943 జులైలో లాస్ ఏంజెలెస్‌లో పట్టపగలు కళ్లు మండి ఊరంతా మసకబారితే జపాన్ వాళ్లు రసాయనాలు వదిలారేమో అనుకున్నారు జనం. యుద్ధకాలం మరి. అది బండ్ల పొగ, ఎండా కలిసి వండిన వంట అని హాగెన్-స్మిట్ అనే కెమిస్ట్ 1950ల్లో తేల్చాడు. తర్వాత కార్బ్‌కి తొలి చైర్మన్ ఆయనే. ఫెడరల్ చట్టం కంటే ముందే ఇక్కడ సొంత నియమాలు ఉన్నాయి కాబట్టి, ఇంకా కఠినంగా పెట్టుకునే వెసులుబాటు కాలిఫోర్నియాకి ఆ చట్టంలోనే ఇచ్చారు. ఇప్పటి స్మాగ్ చెక్ మొదలైంది 1984లో.

నేను 1999లో వచ్చినప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ మేడ మీంచి తూర్పు కొండలు గోధుమరంగు తెర వెనకాల కనిపించేవి. ఇప్పుడు కార్చిచ్చు పొగ లేని రోజున కొండ మీద చెట్లు లెక్కపెట్టొచ్చు. నేనూ బండ్ల పిచ్చోణ్నే, ఈవో కోసం డబ్బులు పోసి తిట్టుకున్నవాణ్నే. అయినా ఆ కొండలు చూసినప్పుడు నోరు లేవదు.

---

బోల్టు_నట్టు | మిల్పిటస్ | 15 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:00

ఇంజిన్ మొత్తం మార్చినోళ్లం కూడా ఇక్కడ బతుకుతున్నాం బ్రో. నా 1995 సివిక్‌లో కొత్త ఇంజిన్ వేసి రెఫరీ దగ్గరికి తీసుకెళ్లా. మామూలు స్మాగ్ స్టేషన్ కాదు, స్మాగ్ చెక్ నడిపే ఆటోమోటివ్ రిపేర్ బ్యూరో నియమించిన రెఫరీ. ఇంజిన్ బండి కంటే పాతది కాకూడదు, ఆ ఇంజిన్‌తో వచ్చిన ఎమిషన్ సామాను అంతా పూర్తిగా ఉండాలి, ఆవిర్లు పట్టే బొగ్గు డబ్బాతో సహా. మొదటిసారి ఒక చిన్న వాక్యూమ్ గొట్టం లేదని తిప్పి పంపాడు. రెండోసారి తలుపు సందులో స్టిక్కర్ అతికించాడు. ఆ స్టిక్కర్ మా పెళ్లి ఫోటో కంటే భద్రంగా ఉంటుంది.

---

గోంగూర_టర్బో | 22 ఫిబ్రవరి, రాత్రి 11:30

అప్‌డేట్. పార్టులు బుధవారం వచ్చాయి, కందిపొడితో సహా (ఒక ప్యాకెట్ అప్పుడే అయిపోయింది). ఇవాళ బోల్టు_నట్టు అన్న స్వయంగా వచ్చాడు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాం.

మొదటి రెండు నట్లు బుద్ధిగా వచ్చాయి. మూడోది టర్బో వెనకాల, చెయ్యి దూరదు, కంటికి ఆనదు. అద్దం పెట్టి చూడాలి. అన్న పాన్ మీద దోసె తిప్పినంత నెమ్మదిగా స్పానర్ అటో పావు, ఇటో పావు తిప్పుతూ నలభై నిమిషాలు కూర్చున్నాడు. "టిక్" అని చప్పుడు వచ్చినప్పుడు స్టడ్ విరిగిందనే అనుకున్నాం ఇద్దరం. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. విరగలేదు, వదిలింది.

పాత పైపు, ఖాళీ పైపు పక్కపక్కన పెట్టి చూస్తే విచిత్రంగా అనిపించింది. పాతదాంట్లోకి టార్చ్ వేస్తే తేనెపట్టులా సన్నటి గళ్లు. రెండోదాంట్లోకి వేస్తే అటువైపు సిమెంటు నేల కనిపిస్తోంది. ఇంతకాలం ఇదా నేను మోసుకు తిరిగింది అనిపించింది.

క్యాచ్ క్యాన్ తీసి పాత గొట్టం వేశాం. అడుగున రెండు చెంచాల నల్లటి జిగురు. ఎయిర్‌బాక్స్ బిగించాం. సాఫ్ట్‌వేర్ ఎలాగూ స్టాక్‌లోనే ఉంది. కోడ్ చెరిపా. దీపం మళ్లీ రాలేదు. వచ్చే శనివారం టెస్ట్‌కి వెళ్తా.

---

టర్బో_తాత | 23 ఫిబ్రవరి, ఉదయం 6:10

శభాష్. కానీ చెరిపావు కాబట్టి లెక్క సున్నా నుంచి మొదలు. శనివారానికి మానిటర్లు (బండి తనని తాను చూసుకునే పరీక్షలు) పూర్తవుతాయో లేదో చూసుకునే వెళ్లు. బండి కంప్యూటర్‌ని చదివే ఇరవై డాలర్ల ఓబీడీ రీడర్ ఒకటి కొనుక్కో, ఫోన్‌లోనే కనిపిస్తుంది.

---

గోంగూర_టర్బో | 1 మార్చి, మధ్యాహ్నం 1:00

రీడర్ కొనలేదు. ఇరవై డాలర్లు మిగుల్చుకోబోయి డెబ్భై పోగొట్టుకున్నా.

కంటితో చూసే పరీక్ష పాస్. అదే మనిషి, ఈసారి "గుడ్ జాబ్" అన్నాడు. సాఫ్ట్‌వేర్ పాస్. కానీ క్యాట్ మానిటర్ ఇన్‌కంప్లీట్, ఈవాప్ (పెట్రోల్ ఆవిర్లు పట్టే సిస్టమ్) మానిటర్ ఇన్‌కంప్లీట్, పైగా పర్మనెంట్ కోడ్ అట, పీ0420. నేను చెరిపాను కదండీ, ఎలా ఉంటుంది?

---

టర్బో_తాత | 1 మార్చి, మధ్యాహ్నం 3:20

ఈ పర్మనెంట్ కోడ్ చేత్తో చెరిపితే పోదు, బ్యాటరీ పీకినా పోదు. సరిగ్గా నీలాంటి వాళ్లు టెస్ట్‌కి ముందు చెరిపేసి వస్తున్నారనే పెట్టింది. లోపం నిజంగా పోయిందని బండి తనంతట తాను పరీక్షించుకుని తృప్తిపడితేనే చెరిగిపోతుంది. 2010 మోడల్ నుంచి ఉన్న బండ్లకి 2019 జులై నుంచి స్మాగ్‌లో చూస్తున్నారు. ఒక వెసులుబాటు ఉంది. చెరిపిన తర్వాత 200 మైళ్లు నడిచి, ఇంజిన్ 15 సార్లు చల్లారి వేడెక్కితే ఆ కోడ్‌ని పట్టించుకోరు.

మానిటర్ల విషయంలో మాత్రం వెసులుబాటు సన్నం. 2000, ఆ తర్వాతి పెట్రోల్ బండికి ఒక్క ఈవాప్ మాత్రమే అసంపూర్తిగా ఉండొచ్చు. క్యాట్ పూర్తి కావాల్సిందే.

ఈ వారం ఎంత తిరిగావు?

---

గోంగూర_టర్బో | 1 మార్చి, మధ్యాహ్నం 3:25

ఇల్లు, ఆఫీసు. నలభై మైళ్లు ఉంటుందేమో. అన్నీ సిగ్నళ్లే.

---

టర్బో_తాత | 1 మార్చి, సాయంత్రం 5:00

అదీ సంగతి. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి గెంతే బండికి తనని తాను చూసుకునే తీరిక ఎక్కడిది. క్యాట్ బాగా కాగాక, ఒకే వేగంతో కొంతసేపు నడిస్తేనే ఆ పరీక్ష జరుగుతుంది. ఈవాప్‌కి రాత్రంతా బండి చల్లారి ఉండాలి, ఎనిమిది గంటలు కనీసం. ట్యాంకు నిండుగానూ ఉండకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. పావుకీ ముప్పావుకీ మధ్య పెట్టు.

పొద్దున్నే ట్రాఫిక్ లేకముందు స్టార్ట్ చెయ్. 680 ఎక్కి మిషన్ గ్రేడ్ మీంచి సునోల్, అక్కణ్నించి 84 మీద లివర్‌మోర్. 55 ప్రాంతంలో క్రూజ్ కంట్రోల్ పెట్టి వదిలెయ్. దిగుడులో బ్రేకు తొక్కకుండా గేరులోనే ఉంచి జారనివ్వు. చివర్లో ఎలాగూ శివవిష్ణు ఆలయం వస్తుంది, దణ్ణం పెట్టుకుని బండి చల్లారాక తిరిగి రా. నీ బండికి ఇప్పుడు రెండూ అవసరమే.

---

ఎడిసన్_అక్క | 1 మార్చి, సాయంత్రం 6:30

తాతగారు డ్రైవ్ సైకిల్‌ని తీర్థయాత్ర చేసేశారు 😂

---

గోంగూర_టర్బో | 9 మార్చి, రాత్రి 8:00

రీడర్ కొన్నా. ఇప్పటికి లివర్‌మోర్ నాలుగుసార్లు వెళ్లొచ్చా, రెండు వారాంతాలు కలిపి. గుళ్లో పూజారిగారు గుర్తుపట్టి "ఏం బాబూ, ఏమైనా మొక్కా?" అన్నారు. స్మాగ్ అని చెప్పలేక ఉద్యోగం అన్నా.

మూడో ట్రిప్పులో సునోల్ దాటాక మా ఆవిడ ఫోన్ పట్టుకుని చూస్తూ "ఏదో ఒకటి పచ్చగా మారింది" అంది. క్యాట్ మానిటర్! ఈవాప్ ఇంకా మొండికేస్తోంది. 183 మైళ్లయ్యాయి. వార్మప్‌లు 13.

---

పాతబండి | 9 మార్చి, రాత్రి 8:25

ఇంకొక్కసారి పోయి రా అన్నా. పులిహోర నా కోసం గూడ తే.

---

గోంగూర_టర్బో | 15 మార్చి, ఉదయం 11:10

పాస్.

వెళ్లేముందు చూస్తే పర్మనెంట్ కోడ్ కూడా దానంతట అదే చెరిగిపోయి ఉంది. ఈవాప్ ఇన్‌కంప్లీట్, అయినా ఒక్కటే కాబట్టి వదిలేశారు. టెస్ట్ డబ్బులు కాక సర్టిఫికెట్‌కి 8 డాలర్ల 25 సెంట్లు. అంత ఆనందంగా ఎప్పుడూ కార్డు గీకలేదు.

మొత్తం ఖర్చు: మూడు టెస్టులు, షిప్పింగ్, గాస్కెట్లు, రీడర్, పెట్రోల్ కలిపి ఆరొందలకి కాస్త తక్కువ. నేను పీకేసినవి కొన్న ధర రాయను, మా ఆవిడ ఈ పేజీ చదువుతోంది.

బండి మందంగా అనిపిస్తోంది, అబద్ధం చెప్పను. పైన లాగుడు తగ్గింది. కానీ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గరాజ్‌లో వచ్చే ఆ ఘాటు కంపు లేదు. ఇన్నాళ్లూ అది టర్బో వాసన అనుకున్నా.

ఇంకో ప్రశ్న. ఆ ఖాళీ పైపు ఏం చేయాలి? టెక్సాస్‌లో ఎవరికైనా అమ్మేయొచ్చా?

---

ప్లేనో_పంతులు | 15 మార్చి, ఉదయం 11:30

నా గరాజ్‌కి మాత్రం పంపకు.

---

టర్బో_తాత | 15 మార్చి, మధ్యాహ్నం 12:05

అభినందనలు. అమ్మకు, ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటివి అమ్మడం కూడా తప్పే. తుక్కుకి వెయ్. మళ్లీ కాస్త పవర్ కావాలనిపిస్తే ఈసారి ముందు కార్బ్ జాబితా తెరిచి, నీ సంవత్సరం చూసి, ఆ తర్వాత పర్సు తెరువు. ట్యూన్లకి కూడా ఈవో ఉన్నవి దొరుకుతాయి. ఆ పాత కాగితాలు, స్టాక్ ఫైలు కాపీ జాగ్రత్తగా దాచుకో, రెండేళ్లకి మళ్లీ ఇదే స్టేషన్.

---

గోంగూర_టర్బో | 16 మార్చి, సాయంత్రం 5:45

తుక్కువాడి దగ్గరికి తీసుకెళ్లబోతుంటే మా ఆవిడ ఆపేసింది. పెరట్లో సొరపాదు పెడుతుందట, పందిరికి ఒక కాలు తక్కువైందట. స్టెయిన్‌లెస్ స్టీల్, తుప్పు కూడా పట్టదు. పాతేశా. తాతగారికి, పాతబండి అన్నకి, బోల్టు_నట్టు అన్నకి, అక్కకి, పంతులుకి, ముఖ్యంగా వదినకి కందిపొడికి థాంక్స్.

---

సివిక్_చిన్నోడు | శాక్రమెంటో | 18 మార్చి, రాత్రి 10:50

థ్రెడ్ అంతా చదివాను, సూపర్. నాది 2012 సివిక్ ఎస్‌ఐ, నెవాడా నుంచి తెచ్చుకున్నా. ఇన్‌టేక్, హెడర్ ఉన్నాయి. ఇన్‌టేక్ మీద స్టిక్కర్ ఉంది కాబట్టి ఓకే కదా?

---

టర్బో_తాత | 19 మార్చి, ఉదయం 6:05

బానెట్ ఎత్తి ఫోటో పెట్టు బాబూ. పగటి వెలుతురులో.